వినపడని సహోద్యోగిని మీటింగుల్లో ఎలా కలుపుకోవాలి?

నమస్కారం అండీ. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఈ మధ్యే మా టీమ్‌లో పుట్టుకతో వినపడని ఒక అమ్మాయి చేరింది. పనిలో చాలా చురుకు. మెయిల్‌లో, చాట్‌లో ఏ ఇబ్బందీ లేదు. సమస్యంతా మీటింగుల్లోనే. క్యాప్షన్లు పెడుతున్నాం కానీ, మావాళ్లు తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడేసరికి తెర మీద ఏదేదో వస్తోంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇక అంతే. పైగా సగం నిర్ణయాలు భోజనాల దగ్గరే అయిపోతాయి, అవి ఆమెదాకా చేరవు. నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇదే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. 20 మంది, ఆపైన పనిచేసే చోట వికలాంగ ఉద్యోగుల నియామకం, సౌకర్యాలు చూసుకునే లైజన్ ఆఫీసర్‌ కూడా ఉండాలి. మా హెచ్‌ఆర్‌ని అడిగితే "పాలసీ ఉంది" అన్నారు, ఆ ఆఫీసర్ ఎవరో మాత్రం చెప్పలేకపోయారు.

ముఖ్యమైన మీటింగులకైనా సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించాలని ఉంది. హైదరాబాద్‌లో ఎవరిని అడగాలి? గంటల లెక్కన వస్తారా? ఆన్‌లైన్‌లో అయినా సరిపోతుందా? టీమ్ మొత్తం కొన్ని సైగలు నేర్చుకుందామంటున్నారు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం (ISLRTC) వాళ్ల నిఘంటువు వీడియోలతో మొదలుపెట్టవచ్చా?

ఇంకొకటి. ఆమెకేం కావాలో ఆమెనే అడగాలని తెలుసు. నలుగురిలో వేరుచేసినట్టు అనిపించకుండా ఎలా అడగాలి? వినికిడి సమస్యతో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఆఫీసులో నిజంగా పనికొచ్చింది ఏమిటో దయచేసి చెప్పండి.