బోరు నీళ్లతో మొక్కల అక్వేరియం: మే నెల గట్టెక్కేదెలా?

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేవి బోరు నీళ్లే. బకెట్ల అంచున తెల్లగా పొర కట్టేంత ఉప్పు. 40 లీటర్ల గాజు తొట్టిలో సీఓటూ (మొక్కలకి అందించే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సిలిండర్ గొడవ లేకుండా మొక్కలు పెంచాలని ఉంది. అనూబియస్, జావా ఫెర్న్ చెక్కకి దారంతో కట్టేస్తా, వాటి దుంప ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది కదా. వెనక వాలిస్‌నేరియా, ఇలాంటి నీళ్లు దానికి బాగానే పడతాయి. చేపలు గప్పీలా, ఒక్క బెట్టానా? గోల్డ్‌ఫిష్ మాత్రం వద్దు, ఇంత చిన్న తొట్టిలో పాపం.

అసలు బెంగ మే నెల గురించే. ఏసీ లేని గదిలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే మొక్కలు నిలుస్తాయా? పైన చిన్న ఫ్యాన్ సరిపోతుందా? పైగా ఆవిరైనంత మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఉప్పు పేరుకుంటుంది. ఆర్వో నీళ్లు వాడేవాళ్లు ఏ పాళ్లలో కలుపుతున్నారో చెప్పగలరా?