ఉద్యోగం రావాలనుకోవడం కూడా వదులుకోవాల్సిన కోరికేనా?

బైరాగిపట్టెడ రూమ్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఈ మధ్య బుద్ధుడి గురించి చదవడం మొదలుపెట్టాక ఒక చిక్కు పట్టుకుంది. కోరికే దుఃఖానికి కారణం అంటారు కదా, మరి ఉద్యోగం రావాలి, నాన్న చేత కూలిపని మాన్పించాలి అనుకోవడం కూడా తప్పేనా? ఇంకోటి, పుస్తకం తెరిచిన కాసేపటికే ఫోన్ తీస్తాను, రీల్స్ ఇష్టమై చూడటం కూడా కాదు, వేలు దానంతటదే పైకి తోస్తూ ఉంటుంది. ఈ రెండూ ఒకే జాతి కోరికలా?

ఎస్వీయూ పాత విద్యార్థి:
ఒకటి కాదు తమ్ముడూ. సారనాథ్‌లో చేసిన తొలి బోధలో బుద్ధుడు దుఃఖానికి కారణమన్నది తణ్హను, అంటే ఆగని ఆరాటాన్ని. అది సుఖాల కోసం కావచ్చు, ఏదో అయిపోవాలని కావచ్చు, ఉన్నది లేకుండా పోవాలనీ కావచ్చు. ‘ఈ టెన్షన్ పోతే చాలు’ అని ఫోన్ తీయడం నా లెక్కలో ఆ మూడోదానికి దగ్గర. మంచి పనికి పూనుకోవాలన్న ఛందం వేరు, అది లేకపోతే సాధనే లేదు.

బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు బుద్ధుడి శిష్యుడైన ఆనందుణ్ణి ఇదే అడుగుతాడు, కోరికతోనే కోరికను పోగొట్టుకోవడమైతే ఇక దీనికి అంతెక్కడ అని. ఈ తోటకు రావాలని నీకు అనిపించింది కదా, వచ్చాక ఆ కోరిక ఏమైంది అని ఆనందుడు ఎదురడుగుతాడు. చల్లారిందంటాడు ఆయన. నీ ఉద్యోగం కోరిక అలాంటిది. రీల్స్‌లో చేరుకోవడానికి తోటే లేదు.

చిత్తూరు అక్క:
సైకాలజీ చదివినదాన్ని కాబట్టి ఆ వేలు సంగతి చెప్తాను. కావాలనిపించడం, అనుభవించి ఆనందించడం మెదడులో వేర్వేరు పనులని మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ చూపించారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు లేకుండా చేసిన ఎలుకలు తిండి ముందున్నా తినవు, అదే నోట్లో తీపి వేస్తే మాత్రం పెదాలు నాక్కుంటాయి. ఇష్టం ఉంది, కావాలన్న తపన లేదు. వ్యసనంలో దీనికి తలకిందులు అవుతుందని, ఇష్టం పెరగకపోయినా తపన పెరుగుతూనే పోతుందని 1993లో వాళ్లు రాశారు. ఫోన్ గురించి మీరు చెప్పింది నాకు అలాగే వినిపించింది.

అలిపిరి వాసి:
పైన అన్న చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోలేను. ఉద్యోగం వచ్చాక కోరిక చల్లారుతుందని ఎవరు చెప్పారు? నాతో చదివి పోస్టింగ్ కొట్టినవాళ్లు జాయినైన కొన్నాళ్లకే పైస్థాయి పోస్టు కోసం మళ్లీ కోచింగ్‌లో చేరారు. ఎంత బాగుపడినా మనసు దానికి అలవాటుపడి మళ్లీ మొదటికే వస్తుందని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే సైకాలజిస్టులు 1971లోనే రాశారు. నాన్నకు విశ్రాంతి ఇవ్వాలనేది ఛందం, సరే. ‘ఆఫీసర్ అయితేనే నేను మనిషిని’ అని అందులోనే నక్కి కూర్చునేది మాత్రం తణ్హే. రెండూ ఒకే పుస్తకం ముందు కూర్చుంటాయి, అందుకే తేల్చుకోవడం కష్టం.

బైరాగిపట్టెడ రూమ్:
అన్నా, ఆ రెండోది నాలో ఉంది. మరి ఫోన్ వైపు చెయ్యి వెళ్లేటప్పుడు ఏం చేయాలి?

చిత్తూరు అక్క:
స్పర్శ, దాన్నుంచి వేదన (ఇక్కడ నొప్పి అని కాదు, సుఖంగానో బాధగానో రెండూ కాకుండానో అనిపించడం), దాన్నుంచి తణ్హ అని బౌద్ధం చెప్పే వరసలో మనకు పట్టు దొరికేది వేదన దగ్గరే. చెయ్యి వెళ్లగానే తిట్టుకోవద్దు, ఛాతీలోనో కడుపులోనో ఏం బిగుసుకుంటోందో చూడండి, అది పెరిగి తగ్గేదాకా ఏమీ చేయకండి. తాగుడు మానాలనుకునేవాళ్లకు అలన్ మార్లట్ అనే సైకాలజిస్టు నేర్పిందీ దాదాపు ఇదే. మొదట్లో చాలాసార్లు చెయ్యే గెలుస్తుంది, అయినా చూడటం మానకండి. ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టుకోండి.