మాంచెస్టర్, షెఫీల్డ్‌లలో అప్రెంటిస్‌గా చేసిన తెలుగువాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

పిప్లానీ_పాప
మా నాన్నగారు భోపాల్ హెవీ ఎలక్ట్రికల్స్ తొలి ఇంజనీర్లలో ఒకరు. ఆ ఫ్యాక్టరీకి ఇంగ్లండ్ ఏఈఐ కంపెనీతో సాంకేతిక ఒప్పందం ఉండేది. ఇక్కడ షెడ్లు లేస్తుండగానే కుర్ర ఇంజనీర్లను మాంచెస్టర్ ట్రాఫర్డ్ పార్క్‌కి పంపారు. ఈమధ్య ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే 3/8 డబ్ల్యూ అని చెక్కిన స్పానర్, చిన్న స్టీలు క్లాంపు, 1963 జేబు డైరీ దొరికాయి. డైరీలో జనవరి అంతా చలి గురించే. వాళ్ళు ఎక్కడ ఉండేవారు, ఏం తినేవారు, వర్క్‌షాపులో ఏం నేర్పేవారు? ఇంకా తెలుగువాళ్ళు ఉండేవారా? నాన్నగారు లేరు, అమ్మకి ఎక్కువ తెలియదు. తెలిసినవాళ్ళు దయచేసి రాయండి.

డాన్_ఒడ్డు
నాది షెఫీల్డ్ అమ్మా. కాకినాడలో ఎల్.ఎం.ఇ. (మెకానికల్ డిప్లొమా) పాసై 1964లో బ్రిటన్ ఇచ్చే ఉద్యోగ వోచర్ మీద వెళ్ళాను. బొంబాయిలో యాంకర్ లైన్ ఓడ ఎక్కి లివర్‌పూల్‌లో దిగాను. జేబులో 3 పౌండ్లు, అంతకు మించి పట్టుకెళ్ళనిచ్చేవారు కాదు. డిప్లొమా ఉందని లేత్ ఇస్తారనుకుంటే ఆకురాయి చేతికిచ్చి బెంచీ దగ్గర నిలబెట్టారు. ఉక్కు ముక్కను ఆరు పక్కలా చదునుగా అరగదీయాలి. కచ్చితంగా చదునైన సర్ఫేస్ ప్లేటుకి నీలిరంగు పూసి దాని మీద రుద్దితే ఎత్తున్న చోట రంగు అంటుతుంది, అక్కడ మళ్ళీ అరగదీయాలి. చార్జ్‌హ్యాండ్ (మా పని చూసే పెద్ద) వచ్చి మూలమట్టం చూసే ట్రైస్క్వేర్ ఆనించి వెలుతురుకెదురుగా పట్టుకునేవాడు. సందులోంచి సన్నగా కాంతి కనిపించినా మాట్లాడకుండా ముక్క బెంచీ మీద పడేసి వెళ్ళిపోయేవాడు. పక్క వైసుల దగ్గర పదిహేను పదహారేళ్ళ ఇంగ్లీషు పిల్లలు. వాళ్ళకంటే నా చెయ్యి కుదురుగా రావాలని రాత్రి కల్లో కూడా ఆకురాయి పట్టేవాణ్ణి. ఈరోజుకీ నా చేతి కింద నుంచి వెళ్ళిన పని వంకర అన్నవాడు లేడు.

మీరు చెప్పే క్లాంపు టూల్‌మేకర్స్ క్లాంపు అయ్యుంటుంది. కుర్రాళ్ళకి పరీక్ష పనిగా ఇచ్చేవారు. కానీ మీ నాన్నగారిని అప్రెంటిస్ అనకూడదు. ఆయన గ్రాడ్యుయేట్ ట్రైనీ. అప్రెంటిస్ అంటే ఇండెంచర్ పత్రం మీద తండ్రితో పాటు సంతకం పెట్టి 21 ఏళ్ళు నిండేదాకా ఆ షాపుకి కట్టుబడినవాడు.

బాలానగర్_టూల్‌రూమ్
ఆ స్పానర్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? 3/8 డబ్ల్యూ అంటే విట్‌వర్త్, పాత బ్రిటిష్ బోల్టు థ్రెడ్. ఆ అంకె స్పానర్ నోటి వెడల్పు కాదు, బోల్టు మందం. చాలామందికి తెలియదు. అదే స్పానర్ 7/16 బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్న థ్రెడ్) బోల్టుకి సరిపోతుంది, దాని తల ఒక సైజు చిన్నది కాబట్టి. జోసెఫ్ విట్‌వర్త్ మాంచెస్టర్‌లోనే షాపు పెట్టి 1841లో ఈ థ్రెడ్ ప్రతిపాదించాడు. అంతకుముందు ఒక షాపు నట్టు ఇంకో షాపు బోల్టుకి ఎక్కేది కాదు. ఆ ఊళ్ళో శిక్షణ పొందినవారి పెట్టెలో ఆ స్పానర్ దొరకడం కంటే గొప్ప గుర్తు ఏముంటుంది? జాగ్రత్తగా ఉంచుకోండి మేడమ్.

ఆటోనగర్_అన్న
ఉంచుకోవడం సరే, ఇప్పుడు దాంతో పనేముంది? 3/8 విట్‌వర్త్ బోల్టుకి 3/8 యూఎన్‌సీ (అమెరికన్ థ్రెడ్) నట్టు చక్కగా ఎక్కుతుంది. రెంటికీ అంగుళానికి 16 థ్రెడ్లే. పాత లారీలకి నా చేత్తో వేల బోల్టులు ఎక్కించా.

బాలానగర్_టూల్‌రూమ్
ఎక్కుతుంది, కూర్చోదు. విట్‌వర్త్ కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీ 60. విట్‌వర్త్‌కి శిఖరం, లోయ రెండూ గుండ్రం. లోడు మొత్తం రెండు మూడు చోట్ల పడి థ్రెడ్ చీరుకుపోతుంది. అరంగుళం బోల్టు తీసుకోండి, విట్‌వర్త్ 12 థ్రెడ్లు, యూఎన్‌సీ 13. రెండు చుట్లు తిరిగాక బిగుసుకుపోతుంది. అప్పుడు పైపు పెట్టి లాగుతారు మీవాళ్ళు.

ఆటోనగర్_అన్న
"మీవాళ్ళు" ఎవరండీ? మా దగ్గరికి బండి వచ్చేది రోడ్డు మీద ఆగిపోయాక. డ్రైవర్ పక్కనే నిలబడి ఏడుస్తుంటాడు, సరుకు టమాటా. అప్పుడు కోణం 55ఆ 60ఆ అని కొలిచేవాడు మెకానిక్ కాదు. టూల్‌రూమ్‌లో ఏసీ కింద కూర్చుని ఆటోనగర్‌ని తక్కువ చేసి మాట్లాడొద్దు.

రాజమండ్రి_రాణి
మా పెదనాన్న గురించి చెప్పాలి. ఆయన శాకాహారి, 1950ల చివర్లో లాంకషైర్‌లో ఒక మిల్లు యంత్రాల కంపెనీలో శిక్షణకి వెళ్ళారు. శుక్రవారం జీతం కవరు రాగానే అందరూ చిప్స్ కొట్టుకి వెళ్ళేవారట. బంగాళాదుంపే కదా అని ఈయనా తిన్నారు. అక్కడ చాలా కొట్లలో ఎద్దు కొవ్వులో వేయిస్తారని నెలల తర్వాత తెలిసి మంచం పట్టారు. ఆ తర్వాత పాలు, రొట్టె, ఉడికించిన కూరగాయలు. పులుపు కోసం నాలుక పీకేస్తుంటే బ్రౌన్ సాస్ సీసా కొనుక్కుని అన్నంలో కలుపుకునేవారు. అందులో చింతపండు ఉంటుంది. బియ్యం మాత్రం పాయసానికి వాడే పొట్టి రకమే దొరికేది. గదిలో గ్యాస్ మీటర్లో షిల్లింగ్ వేస్తేనే పొయ్యి వెలిగేది, అన్నం సగం ఉడికాక గ్యాస్ ఆగిపోతే అలాగే తినేవారు. ఇది తలుచుకుని మా పెద్దమ్మ ఇప్పటికీ కన్నీళ్ళు పెట్టుకుంటుంది.

సాల్ఫర్డ్_కోడలు
పిప్లానీ గారూ, 1963 జనవరి అంటే ఆ చలి మామూలుది కాదు. 1962 క్రిస్మస్ మర్నాటి నుంచి మొదలైన మంచు మార్చి దాకా కరగలేదు. ఇక్కడి ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. కుళాయి పైపులు గడ్డకట్టి పగిలిపోయాయి. ట్రాఫర్డ్ పార్క్‌లో ఇప్పుడు ఎక్కువ గోడౌన్లే. పాత మెట్రోవిక్ (ఏఈఐ వారి ట్రాఫర్డ్ పార్క్ ఫ్యాక్టరీ) ఫొటోలు మాంచెస్టర్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉన్నాయి. నాన్నగారు ఏ విభాగంలో చేశారో, ఏ సంవత్సరమో రాసి పంపండి.

డాన్_ఒడ్డు గారూ, ఒక్క మాట. మెట్రోవిక్‌లో డిగ్రీ చదివి చేరినవాళ్ళని అధికారికంగానే "కాలేజ్ అప్రెంటిస్" అనేవారు. నోబెల్ వచ్చిన జాన్ కాక్‌క్రాఫ్ట్ కూడా అక్కడ కాలేజ్ అప్రెంటిసే. ఈమె నాన్నగారిని ఆ మాటకి దూరం చేయకండి.

డాన్_ఒడ్డు
కాగితం మీద ఏ పేరైనా పెట్టుకోనివ్వండి. ఉదయం ఏడున్నరకి కార్డు గుద్ది, మూడు నిమిషాలు ఆలస్యమైతే పావుగంట జీతం పోగొట్టుకున్నవాడికి ఆ తేడా తెలుస్తుంది. పెద్దవాళ్ళందరికీ డబ్బాల్లో టీ కాచి తెచ్చింది ఆ పిల్లలే. ఎడమచేతి స్క్రూడ్రైవర్ అనే లేని వస్తువు తెమ్మని స్టోర్స్‌కి పంపితే అందరి ముందూ నవ్వులపాలైందీ వాళ్ళే. ఆ మాట వాళ్ళది.

మారేడ్‌పల్లి_మిడాన్
మాంచెస్టర్ అని చూసి ఆగాను. 1959లో ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో మన హైదరాబాదీ అబ్బాస్ అలీ బేగ్ మొదటి మ్యాచ్‌లోనే 112 కొట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటుంటే పిలిపించారు. బంతి తలకి తగిలి బయటికెళ్ళి, మళ్ళీ వచ్చి సెంచరీ చేశాడు. ఆ గ్రౌండు ట్రాఫర్డ్ పార్క్‌కి దగ్గరే. అప్పుడు అక్కడ శిక్షణలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా చూశారా?

ఆటోనగర్_అన్న
ఆ మ్యాచ్ ఓడిపోయాం కదా.

మారేడ్‌పల్లి_మిడాన్
ఓడిపోతే? ఆ సిరీస్ ఐదుకి ఐదూ ఓడాం. అందులో ఇరవై ఏళ్ళ కుర్రాడు అలా నిలబడ్డాడంటే మా నాన్న కళ్ళు మెరిసేవి. మీకు అర్థం కాదులెండి.

కొత్తపేట_కిరణ్
నిజానికి ఇవన్నీ విని పాతరోజులు ఎంత బాగున్నాయో అనిపిస్తోంది. క్రమశిక్షణ, నైపుణ్యం, గౌరవం. అక్కడివాళ్ళు మనవాళ్ళని బాగా చూసుకునేవారట కదా.

డాన్_ఒడ్డు
ఎవరు చెప్పారు బాబూ? పేపర్లో గది ఖాళీ అని చూసి వెళ్తే తలుపు తీసినావిడ నా మొహం చూసి "ఇప్పుడే ఇచ్చేశాం" అనేది. పక్కవీధి నుంచి ఇంగ్లీషు స్నేహితుడితో ఫోన్ చేయిస్తే ఖాళీగానే ఉండేది. కొన్ని కిటికీల్లో నల్లవాళ్ళకి ఇవ్వం అని అట్టముక్క మీద రాసి పెట్టేవారు. బెంచీ దగ్గర నాకు పని నేర్పిన ముసలాయన మాత్రం బంగారం. ఆయన భార్యే చివరికి పై గది ఇచ్చింది. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు.

కొత్తపేట_కిరణ్
కానీ 1965లోనే వర్ణవివక్ష మీద చట్టం వచ్చింది కదా సర్. మరి ఫిర్యాదు చేయాల్సింది.

డాన్_ఒడ్డు
ఏ చట్టం నాయనా? 1965 చట్టం హోటళ్ళు, బస్సులు లాంటి చోట్లకే. ఇళ్ళూ ఉద్యోగాలూ అందులో లేవు. అవి చేరింది 1968లో. అప్పటికి నేను చలిలో చాలా గుమ్మాలు దిగాను. గూగుల్ చూసి నాకు పాఠం చెప్పకండి.

రాజమండ్రి_రాణి
పెద్దాయనతో అలా మాట్లాడకూడదు కిరణ్ గారూ. డాన్_ఒడ్డు గారూ, డబ్బు ఇంటికి పంపేవారా? అప్పుడు పౌండుకి పదమూడు రూపాయల చిల్లర అని పెదనాన్న అనేవారు.

డాన్_ఒడ్డు
అవును, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక 21 అయింది. ఆ తర్వాత పంపిన మనియార్డర్లతోనే మా చెల్లెలి పెళ్ళి జరిగింది.

పిప్లానీ_పాప
అందరికీ నమస్కారం. డైరీలో విభాగం పేరు దొరికింది, స్విచ్‌గేర్ (పెద్ద కరెంటు స్విచ్చులు). సాల్ఫర్డ్ గారికి మెసేజ్ పెడుతున్నాను. మా నాన్నగారు అప్రెంటిసా ట్రైనీనా అన్నది నాకు పెద్ద విషయం కాదు, కానీ ఆ క్లాంపు ఆయన చేత్తోనే చేశారు. దాని మీద ఆయన పొడి అక్షరాలు గుద్ది ఉన్నాయి.

డాన్_ఒడ్డు
అక్షరాలు గుద్ది ఉంటే పని పాసైనట్టే అమ్మా. దవడల రెండు వైపులా ఫొటో తీసి పెట్టు, ఆకురాయి గీతలు ఎటు నడిచాయో చూస్తాను.

అనకాపల్లి_లేత్
ఇంతకీ విట్‌వర్త్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా. మా చెరకు గానుగ బేరింగ్ బోల్టులు అరంగుళం, పాతకాలంవి. యూఎన్‌సీ ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) వేస్తే కుదరడం లేదు. అంగుళానికి 12 వచ్చే ట్యాప్ ఎక్కడ దొరుకుతుంది?

ఆటోనగర్_అన్న
పెద్దగా రంధ్రం వేసి 14 ఎంఎం మెట్రిక్ బోల్టు పెట్టేయ్. పనైపోతుంది.

బాలానగర్_టూల్‌రూమ్
ఆ పని మాత్రం చేయకు తమ్ముడూ! పాత పోత ఇనుము పగులుతుంది. అరంగుళం బీఎస్‌డబ్ల్యూ (అంటే విట్‌వర్త్) ట్యాప్ సెట్ అని అడుగు, మూడు ఉంటాయి, వరసగా వాడాలి. బీఎస్‌పీ ఇస్తే తీసుకోకు, అది నీళ్ళ పైపు థ్రెడ్, కోణం అదే 55 అయినా అరంగుళం సైజులో అంగుళానికి 14 వస్తాయి, మందం కూడా 21 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరక్కపోతే నాకు చెప్పు.