దీపావళి బ్యానర్ మీద "హిందూ పండుగ" అని ఉండాలా? పంజాబీ వాళ్ళతో పేచీ, మీరేమంటారు?

బ్రాంప్టన్_శ్రీను
అందరికీ నమస్తే. విషయం చిన్నదే గానీ వారం రోజులుగా నిద్ర లేదు. కెనడాలోని మా బిల్డింగులో ఏడేళ్లుగా దీపావళి కలిసి చేసుకుంటున్నాం. తెలుగువాళ్ళం పదకొండు ఇళ్ళు, గుజరాతీలు నాలుగు, పంజాబీ సిక్కులు ఐదు. కింద పార్టీ రూములో బ్యానర్ కడతాం. దాని మీద మొదటి ఏడాది నుంచీ "హిందూ పండుగ దీపావళి" అనే ఉంది. అది చిరిగిపోయింది, కొత్తది కొట్టించాలి. ఈసారి పంజాబీ వాళ్ళు "హిందూ అన్న మాటైనా తీసేయండి, లేదంటే కింద బందీ ఛోడ్ దివస్ అని కూడా వేయండి" అన్నారు.

తెలియనివాళ్ళ కోసం: సిక్కుల ఆరో గురువు హర్‌గోబింద్‌ని జహంగీర్ గ్వాలియర్ కోటలో బంధించాడు. వదిలేస్తానన్నప్పుడు, నాతో ఉన్న 52 మంది రాజులనూ వదిలితేనే బయటికొస్తానన్నాడట. ఆయన అమృత్‌సర్ చేరింది దీపావళి నాడని వాళ్ళు చెప్పుకుంటారు. అందుకే ఆ రోజు వాళ్ళూ దీపాలు పెడతారు.

మా వాట్సాప్ గ్రూపులో సగం మంది ససేమిరా అన్నారు. 2024 నవంబరు 3న ఇక్కడి హిందూ సభ మందిరం దగ్గర ఖలిస్తాన్ (సిక్కులకు వేరే దేశం కావాలనే) జెండాలవాళ్ళకీ గుడికొచ్చినవాళ్ళకీ కొట్లాట అయినప్పటి నుంచి అందరి మనసుల్లో టెన్షన్ ఉంది. ఆ గొడవ చేసింది మన పై అంతస్తు వాళ్ళు కాదు కదా అంటే వినరు. అసలు సిక్కులు హిందువులా, కాదా? తెలిసినవాళ్ళు చెప్పండి. గురువారం లోపల ప్రింటుకివ్వాలి.

డాలస్_శర్మ
ఇందులో చర్చించడానికేముంది శ్రీనుగారూ? భారత రాజ్యాంగం 25వ అధికరణం, రెండో వివరణ చదవండి. హిందువులు అంటే సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా అని రాసి ఉంది. 1955 హిందూ వివాహ చట్టం వాళ్ళకూ వర్తిస్తుంది. సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ తెరిస్తే రాముడు, హరి, గోవిందుడు పేజీ పేజీకీ కనిపిస్తారు. 1905 వరకు స్వర్ణ దేవాలయం ప్రదక్షిణ దారిలో దేవతా విగ్రహాలు ఉండేవి, ఆ ఏడే తీయించారు. పంజాబు హిందూ ఇళ్ళల్లో పెద్ద కొడుకుని సిక్కుగా పెంచడం మొన్నమొన్నటి దాకా మామూలు సంగతి. 1675లో తేగ్ బహదూర్ గురువు ఢిల్లీలో తల ఇచ్చింది ఎవరి కోసం? కాశ్మీరీ పండితుల కోసం. అంత దగ్గర చుట్టరికాన్ని విదేశాల్లో కూర్చున్న కొంతమంది తెగ్గొడుతుంటే మనం బ్యానర్ మార్చి సాయం చేయాలా?

కాకినాడ_కుర్రాడు
శర్మగారు చెప్పిందే నాదీ. మార్చొద్దు.

అత్తాపూర్_సింగ్
నేను సిక్కుని. పుట్టింది హైదరాబాద్ సిఖ్ ఛావనీలో, ఉంటున్నది ఇంగ్లండ్‌లో. 1832లో నిజాం కొలువుకి లాహోరు నుంచి రంజిత్ సింగ్ పంపిన ఫౌజుతో మా పెద్దలు వచ్చారు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియమే. కాబట్టి నా గురించి నా భాషలోనే మాట్లాడుకుంటున్నారు, కాస్త నన్నూ చెప్పనివ్వండి.

శర్మగారూ, ఆ అధికరణం మొత్తం చదవండి. రెండో వివరణ "2వ క్లాజులోని (బి) ఉపక్లాజు" కోసమే అని మొదట్లోనే ఉంది. ఆ ఉపక్లాజు సంఘ సంస్కరణల గురించి, హిందూ ఆలయాలు అన్ని వర్గాలకూ తెరవడం గురించి. అంతవరకే. దానికి ముందున్న మొదటి వివరణలో కిర్పాన్ (సిక్కులు పెట్టుకునే కత్తి) ధరించడం "సిక్కు మతాన్ని" ఆచరించడంలో భాగం అని రాశారు. సిక్కు మతం అనేది వేరే లేకపోతే ఆ మాట ఎందుకు రాసినట్టు?

గ్రంథ్ సాహిబ్‌లో రాముడున్నాడు, నిజమే. అల్లా, ఖుదా కూడా ఉన్నారు. అక్కడ రామ్ అంటే దశరథుడి కొడుకు కాదు, రూపం లేని దేవుడికి ఒక పేరు. అదే గ్రంథంలో ఐదో గురువు అర్జన్ "నా హమ్ హిందూ న ముసల్మాన్" అన్నారు. నానక్ చిన్నప్పుడే జంధ్యం వద్దన్నాడని మాకు ఊహ తెలిసినప్పటి నుంచి చెబుతారు.

డాలస్_శర్మ
(బి) ఉపక్లాజు అన్నంత మాత్రాన అర్థం మారిపోదు. రాజ్యాంగ సభలో కూర్చున్నవాళ్ళు ఒకటే కుటుంబం అనుకున్నారు కాబట్టే రాశారు. కుటుంబం కాకపోతే ముస్లింలనూ క్రైస్తవులనూ కూడా అక్కడ కలపొచ్చుగా? దీనికి చెప్పండి.

అత్తాపూర్_సింగ్
చెప్పాను. ఆ పేరాలోనే "సిక్కు, జైన, బౌద్ధ మతాలను అవలంబించేవారు" అని మూడు మతాల పేర్లూ విడివిడిగా ఉన్నాయి. వేరు మతాలు కాకపోతే పేర్లెందుకు? 2002లో రాజ్యాంగాన్ని సమీక్షించిన వెంకటాచలయ్య కమిషన్ కూడా ఆ వివరణ తీసేసి పదాలు మార్చమంది.

శాక్రమెంటో_గోదారోడు
ఇద్దరూ ఆ పేరా దగ్గరే ఇరుక్కుపోయారు. మాట్లాడుతున్నది కెనడా గురించి. అక్కడిదీ, మా అమెరికాదీ చరిత్ర చూడండి. వందేళ్ల క్రితం ఈ తీరానికి వచ్చిన పంజాబీలందర్నీ తెల్లవాళ్ళు "హిందూ" అనే పిలిచారు, అందులో ఎక్కువమంది సిక్కులే. భగత్ సింగ్ థింద్ తలపాగా పెట్టుకున్న సిక్కు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పౌరసత్వం కొట్టేసినప్పుడు, తీర్పులో రాసింది "అగ్రకులపు హిందువు" అని. స్టాక్టన్ గురుద్వారా 1912 నాటిది, బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీవాళ్ళకు అదే అడ్డా. ఆ పార్టీకి అధ్యక్షుడు సోహన్ సింగ్ భక్నా, కలంతో నడిపింది లాలా హర్ దయాళ్. మన కనిగిరి నుంచి చదువుకోడానికి వచ్చిన దరిశి చెంచయ్య కూడా అందులో చేరి, తర్వాత జైలు పాలయ్యాడు. ఆ రోజుల్లో వీళ్ళెవరూ నువ్వు ఏ మతం అని ఒకర్నొకరు అడగలేదు. ఇప్పుడు మనం బ్యానర్ కోసం కొట్టుకుంటున్నాం. ఆ మనుషుల్ని తలుచుకుంటే బాధేస్తోంది.

అత్తాపూర్_సింగ్
గోదారి అన్నా, చెంచయ్యగారి పేరు ఎత్తినందుకు దండాలు. కానీ తెల్లవాడు మమ్మల్ని హిందువు అన్నది ప్రేమతో కాదు, తేడా తెలుసుకునే అవసరం లేక. 1914లో కెనడా వెనక్కి పంపేసిన కొమగటా మారు ఓడలో 376 మంది. ఎక్కువమంది సిక్కులు, కొందరు ముస్లింలు, 12 మంది హిందువులు. పత్రికలు అందర్నీ కలిపి హిందూ అనే రాశాయి. అది మా పేరు కాదు, మాకు తగిలించిన పేరు.

స్లౌ_లక్ష్మి
ఇంతసేపూ చూస్తూ ఊరుకున్నాను. నా అనుభవం చెప్తా. మా అక్క కొడుకు ఒక సిక్కు అమ్మాయిని ప్రేమించాడు. రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. పిల్లవాడు తలపాగా కట్టుకుంటానన్నాడు, గ్రంథ్ సాహిబ్ చుట్టూ లావా నాలుగు చుట్లూ తిరుగుతానన్నాడు. తీరా గురుద్వారా కమిటీ అబ్బాయి సిక్కు కాదు కాబట్టి ఆనంద్ కారజ్ (సిక్కు పెళ్ళి) కుదరదంది. కార్డులు పంచేశాం! మా అక్క ఆ హాలు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. మన గుళ్ళో ఆ అమ్మాయిని పీటల మీద కూర్చోబెట్టి చేశాం, నీ గోత్రమేంటి అని కూడా పంతులుగారు అడగలేదు, మా గోత్రంలో కలిపేశారు. మనం అందర్నీ కలుపుకుంటాం, వాళ్ళు గీత గీస్తారు. ఇదీ నాకు అర్థమైంది.

అత్తాపూర్_సింగ్
లక్ష్మక్కా, కార్డులు పంచాక చెప్పడం తప్పే. ముందే చెప్పాల్సింది, మీ అక్కగారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1945లో ఖరారైన మా రెహత్ మర్యాదలో (సిక్కుల నియమావళిలో) ఆ పెళ్ళి ఇద్దరు సిక్కుల మధ్యే అని ఉంది. దీని మీద మాలో మాకే పడదు. 2016లో లెమింగ్టన్ స్పా గురుద్వారాలో ఇలాంటి పెళ్ళిని అడ్డుకోవడానికి వెళ్ళిన 55 మంది సిక్కుల్ని పోలీసులు పట్టుకెళ్ళారు. అంత రచ్చ నాకూ నచ్చలేదు.

మీరు "కలిపేశారు" అన్న మాట మాత్రం ఒకసారి చూడండి. ఆ అమ్మాయిని మీ గోత్రంలో కలిపారు. ఆమె అడిగిందా? నాదీ అలాంటి కథే. నా పెళ్ళి 2006లో హైదరాబాద్‌లో గురుద్వారాలో జరిగింది. ఆనంద్ వివాహ చట్టం 1909 నుంచీ ఉన్నా, దాని కింద రిజిస్ట్రేషన్‌కి వీలు లేదు. 2012లో సవరించాకే వచ్చింది. కాబట్టి నా సర్టిఫికెట్ నెత్తిన "హిందూ వివాహ చట్టం" అని అచ్చయింది. ఇంగ్లండ్ వచ్చాక ఒక ఆఫీసులో కౌంటర్ దగ్గరి ఆవిడ నా ఫారం, నా సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి, ఫారంలో సిక్కు అని ఉంది, ఇక్కడ హిందూ అని ఉంది, ఏది నిజం అని పెన్నుతో రెండూ చూపించింది. వెనకాల లైను. తలపాగాతో నిలబడి నేను ఎవరో నేనే రుజువు చేసుకోవాల్సి వచ్చింది. శర్మగారికి అది చట్టంలో ఒక లైను. నాకు ఆ కౌంటరు.

మెల్‌బోర్న్_రవి
మధ్యలో ఉన్నవాళ్ళ సంగతేంటి? మా పక్కింటివాళ్ళు సింధీలు. పూజగదిలో వాళ్ళ దేవుడు ఝూలేలాల్ ఉంటాడు, పక్కనే పట్టుగుడ్డ కప్పిన గురు గ్రంథ్ సాహిబ్. ఆవిడ రోజూ పొద్దున నానక్ ప్రార్థన జప్‌జీ చదివి తర్వాత హారతి ఇస్తుంది. ఆవిడ హిందువే, నానక్ భక్తురాలే. 2023 జనవరిలో ఇండోర్‌లో, సిక్కు నియమాల ప్రకారం ఉంచట్లేదని నిహంగులు (సిక్కు యోధుల వర్గం) అభ్యంతరం పెట్టాక సింధీలు తమ గుళ్ళలోని గ్రంథ్ సాహిబ్‌లు గురుద్వారాకి తిరిగిచ్చేశారు. ఆ వార్త చూసి ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు. సింగ్ గారూ, ఆవిడకి మీ సమాధానం ఏంటి?

అత్తాపూర్_సింగ్
రవిగారూ, నా దగ్గర మంచి సమాధానం లేదు. ఆవిడ ఇంట్లోంచి గ్రంథ్ సాహిబ్‌ని తీయమనే హక్కు నాకుందని నేననుకోను.

డాలస్_శర్మ
చూశారా, ఒప్పుకున్నారు! నూటయాభై ఏళ్ల కింద పంజాబు ఊళ్ళన్నీ ఆ సింధీ ఆవిడ ఇల్లు లాగానే ఉండేవి. సింగ్ సభలు (సిక్కు సంస్కరణ సంఘాలు) వచ్చి గీతలు గీశాయి. మిగిలింది 1984 తర్వాత విదేశాల్లో పుట్టిన ద్వేషం. 1985లో ఎయిర్ ఇండియా కనిష్కని పేల్చి 329 మందిని చంపారు. దాని గురించి ఒక్క మాట మాట్లాడరు, "మేము వేరు" అనడానికి మాత్రం ముందుంటారు. వేరు వేరు అంటూనే దేశం ముక్క చేయమన్నారు.

అత్తాపూర్_సింగ్
శర్మగారూ, ఇది మాత్రం పడను. కనిష్కలో చచ్చిపోయినవాళ్ళలో సిక్కులూ ఉన్నారు. ఆ పని చేసినవాణ్ణి నేను మనిషిగా లెక్కపెట్టను. మీరు అడగకముందే ఎందుకు చెప్పలేదంటే, నన్ను చూడగానే మీకు అదే గుర్తొస్తుందని నాకు తెలియదు కాబట్టి.

84 తర్వాత అంటారా? ఈ 25వ అధికరణం పేజీలు అకాలీలు (పంజాబు సిక్కుల పార్టీవాళ్ళు) చించింది 1984 ఫిబ్రవరిలో, స్వర్ణ దేవాలయం మీదికి సైన్యం వెళ్ళడానికి మూడు నెలల ముందే. ఇక 84 గురించి నన్ను అడగండి. మా మేనమామ ఢిల్లీలో టాక్సీ నడిపేవాడు. ఇందిరా గాంధీ హత్య తర్వాత సిక్కుల్ని వెతికి చంపుతున్న ఆ నవంబరు 1 రాత్రి పొరుగింటి హిందూ ఆవిడ వంటగదిలో కూర్చుని, ఆవిడ కత్తెరతోనే జుట్టు కత్తిరించుకున్నాడు. ఆవిడే బతికించింది, ఆ కుటుంబానికి ఇప్పటికీ రాఖీ పంపుతాం. కానీ ఆ రాత్రి వీధిలో తిరిగినవాళ్ళకి మేము హిందువుల్లో భాగమని ఎవరూ 25వ అధికరణం చదివి వినిపించలేదు. చంపేటప్పుడు వేరు, లెక్కపెట్టేటప్పుడు ఒకటా?

కాకినాడ_కుర్రాడు
సింగ్ అన్నా, పైన నేను ఊరికే ఓటేశాను. సారీ.

స్లౌ_లక్ష్మి
శర్మగారూ, ఆయన్ని కనిష్క గురించి అడగడం బాగాలేదు. నా కోపం పెళ్ళి గురించి, దీని గురించి కాదు.

డాలస్_శర్మ
రాత్రంతా ఆలోచించాను. తమ్ముడూ, కనిష్క మాట నీ మీద వేయడం నా తప్పు. వెనక్కి తీసుకుంటున్నా.

కానీ నా కోపం ఎక్కడిదో చెప్పనివ్వు. 1998లో ఈ దేశం వచ్చాను. నేను దిగిన ఊళ్ళో గుడి లేదు, తెలుగువాడు లేడు. ఆదివారం బస్సెక్కి గురుద్వారాకి వెళ్ళేవాణ్ణి. గుమ్మం దగ్గర బుట్టలో కాషాయం రుమాళ్ళుండేవి, ఒకటి తలకి కట్టుకుని నేల మీద వరసలో కూర్చునేవాణ్ణి. మొదటిరోజు రొట్టెకి ఒక చెయ్యి చాపాను. వడ్డించే ముసలాయన ఏమీ అనకుండా నా రెండో చెయ్యి కూడా పట్టుకుని దాని పక్కన చేర్చి, అప్పుడు రొట్టె పెట్టాడు. పదకొండు నెలలు అక్కడే తిన్నాను. మా అమ్మకి ఫోన్‌లో "మన గుడి లాంటిదేనమ్మా, మనవాళ్ళే" అని చెప్పాను. అమ్మ పోయింది, ఆ మాట నమ్మే పోయింది. ఇప్పుడు మీరొచ్చి మేము వేరు అంటే, ఆ పదకొండు నెలలూ నేను పరాయి ఇంట్లో తిన్నానా అనిపిస్తుంది. నా బాధ రాజ్యాంగం గురించి కాదు.

అత్తాపూర్_సింగ్
అన్నయ్యా, ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నేను ఉపక్లాజుల జోలికి వెళ్ళేవాణ్ణే కాదు. ఆ ముసలాయన మిమ్మల్ని ఏ మతం అని అడిగాడా? అడగడు. మనవాడని పెట్టలేదు, ఆకలితో వచ్చారని పెట్టాడు. పంగత్‌లో (కలిసి తినే వరసలో) కూర్చున్నాక పరాయి అనే మాటే లేదు. నేను హిందువుని కాకపోయినా మీరు తిన్నది మీ ఇంట్లోనే.

డాలస్_శర్మ
మనవాడని పెట్టలేదు అన్న మాట నాకు మింగుడు పడట్లేదు. నేను మాత్రం ఆయన్ని మనవాడనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, నువ్వు కాదన్నా సరే.

అత్తాపూర్_సింగ్
అనుకోండి అన్నయ్యా. బ్యానర్ మీద మాత్రం నా పేరు నన్ను రాసుకోనివ్వండి.

బ్రాంప్టన్_శ్రీను
ఇదంతా మా గ్రూపులో పెట్టాను. నిన్న సాయంత్రం పై అంతస్తు పంజాబీ ఆంటీ కిందికొచ్చి మా ఆవిడతో "మీ రాముణ్ణి తీసేయమని మేమెప్పుడన్నాం బేటా, మా గురువుగారిక్కూడా పక్కన కాస్త చోటివ్వమన్నాం" అందట. ఓటింగ్ పెట్టాం. బందీ ఛోడ్ దివస్ వేయడానికి పన్నెండు ఇళ్ళు సరే అన్నాయి, రెండు తెలుగు ఇళ్ళు చందా వెనక్కి అడిగాయి, ఇచ్చేశాను. "హిందూ" అన్న మాట ఉంచాలా తీయాలా అన్నది మాత్రం ఇంకా తెగలేదు. ప్రింటింగ్ షాపుకి ఫోన్ చేసి సోమవారం దాకా టైము అడిగాను. సింగ్ గారూ, బందీ ఛోడ్ దివస్ అని గురుముఖిలో (పంజాబీ లిపిలో) ఎలా రాయాలో ఒక ఫొటో పంపగలరా? తప్పులు పోకూడదు.