డియెంగ్ పీఠభూమిలో మంచుకు మాడిపోతున్న బంగాళాదుంప పైరును కాపాడడం ఎలా?

ఇండోనేషియాలోని మధ్య జావాలో, సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న డియెంగ్ పీఠభూమిపై ఒక కొండ గ్రామంలో బంగాళాదుంప రైతులతో కలిసి పనిచేస్తున్నాను. జూన్ నుంచి ఆగస్టు వరకు వానలుండని రోజుల్లో, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రులు గడిచాక, తెల్లవారుజామున పైరు మీద తెల్లని మంచు పొరలా పేరుకుంటోంది. ఎండ ఎక్కేసరికి గ్రానోలా రకం లేత ఆకులు ఉడికించినట్టు మెత్తబడి, సాయంత్రానికి నల్లబడుతున్నాయి. పల్లపు మడులకే దెబ్బ ఎక్కువ. వాలు మీది మడులు చాలావరకు తట్టుకుంటున్నాయి.

సాయంత్రం నేల తడిపాము. సూర్యోదయానికి ముందు ఆకులపై నీళ్లు చల్లితే మంచు కరిగింది గానీ, చిగుళ్లు మాత్రం దక్కలేదు. ప్లాస్టిక్ పట్టా కప్పితే, అది ఆకులకు తగిలినచోటల్లా పైరు మరింత మాడింది. రాత్రంతా నీళ్లు చిమ్మడానికి ఇంజను డీజిలు ఖర్చు ఇక్కడివారు భరించలేరు. ఒక్క పంట పోతే మళ్లీ విత్తనానికి అప్పు తప్పదు. ఆ అప్పులకు భయపడే కుర్రవాళ్లు సేద్యం వదిలి పట్నాల దారి పడుతున్నారు, అదే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

ఊటీ వంటి మంచు పడే కొండప్రాంతాల్లో బంగాళాదుంప పండించిన అనుభవం ఉన్నవారు, పల్లపు మడుల్లో ఏ రకం కప్పును, ఆకులకు ఎంత ఎత్తులో కడితే పైరు దక్కుతుందో దయచేసి చెప్పగలరా?