ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం పోస్టులో వచ్చింది: డబ్బా విప్పాలా, వద్దా?

కాసులపేరు:
మూడు వారాలుగా గేటు చప్పుడైతే చాలు, లేచి పరుగెత్తాను. నిన్న స్పీడ్ పోస్ట్‌లో వచ్చేసింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు విడుదల చేశారే, ఆ ఎన్టీఆర్ శతజయంతి నాణెం! సంతకం పెడుతుంటే చెయ్యి నిలవలేదు. అట్టపెట్టె, అందులో చెక్కపెట్టె, దాంట్లో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. 44 మిల్లీమీటర్ల బిళ్ల, 35 గ్రాముల బరువు, అద్దంలా ఉంది. మా నాన్నగారు చేత్తో పట్టుకుంటానంటున్నారు. విప్పొచ్చా?

సైఫాబాద్_చుక్క:
వద్దండి. సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. వేలిముద్ర పడితే చెమటకి మెల్లగా మరక తేలుతుంది, మళ్లీ పోదు. సేకరణ కోసం అద్దంలా మెరిసేట్టు కొట్టిన ఇలాంటి ప్రూఫ్ నాణేనికి ఆ మెరుపే ప్రాణం. పైగా మన హైదరాబాద్ టంకశాలలో కొట్టింది. ఏ టంకశాలదో చెప్పే గుర్తుల్లో చుక్క మనది.

తెనాలి_అణా:
చుక్క నోయిడాది. హైదరాబాద్‌ది నక్షత్రం.

సైఫాబాద్_చుక్క:
ఆకాశంలో ఉండేవాటిని మా ఇంట్లో చుక్కలనే అంటాం.

తెనాలి_అణా:
కొత్తగా సేకరణ మొదలుపెట్టిన పిల్లలు ఇది చదివి జేబులోని రూపాయి బిళ్ల తీసి చూస్తారండీ. సంవత్సరం కింద గుండ్రటి బొట్టు ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. మాట సరిగ్గా వాడాలి.

పావలా_కాసు:
రెండు కొనండి. ఒకటి దాచుకోవడానికి, ఒకటి నాన్నగారికి.

కాసులపేరు:
ఇదొక్కటే నాలుగు వేలు దాటిందండీ.

తెనాలి_అణా:
విప్పేయండి. ఇందులో వెండి 17.5 గ్రాములే, మిగతా ధరంతా మన అభిమానానిది. బజార్లో చెలామణీ కాని బిళ్లని ఇంట్లోవాళ్లు కూడా ముట్టుకోకపోతే అది నాణెం ఎలా అవుతుంది? నేను పదేళ్ల వయసు నుంచి కిరాణా చిల్లరలో ఏరినవే దాచాను. ప్రతిదీ పదిమంది చేతులు మారినదే.

సైఫాబాద్_చుక్క:
ముట్టుకుంటే ఏమవుతుందో నన్నడగండి. మా తాతయ్యవి పదకొండు చార్మినార్ రూపాయలుండేవి, నిజాం కాలపు హాలీ సిక్కా అనే వెండి నాణేలు. నేను హాస్టల్లో ఉండగా దీపావళి లక్ష్మీపూజకని ఇంట్లోవాళ్లు చింతపండు, ముగ్గుపిండి పెట్టి తోమారు. మినార్ల మీది సన్నగీతలు అరిగిపోయాయి. ఒక వ్యాపారి చూసి వెండి రేటు మాత్రమే కట్టాడు.

తెనాలి_అణా:
అదీ సంగతి. మీ బాధంతా రేటు గురించే. దాన్ని భద్రత అని చెప్పి ఆయన్ని భయపెడుతున్నారు.

సైఫాబాద్_చుక్క:
నోరు అదుపులో పెట్టుకోండి. అమ్మడానికి వెళ్లలేదు నేను, ఎంత పాడయ్యాయో తెలుసుకుందామని వెళ్లాను. ఆ పదకొండూ తాతయ్య నా దోసిట్లో పోసి ‘ఇవి నీవిరా’ అన్నారు. తోమేముందు ఇంట్లో ఒక్కరూ నన్నడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

కాసులపేరు:
అన్నా, ఇది నాది కాదు. నాన్నగారి కోసమే తెప్పించాను. 1982లో చైతన్యరథం వస్తోందని ఆయన అర్ధరాత్రి దాకా రోడ్డు పక్కన నిలబడ్డారట. ఇప్పుడు గ్లకోమా. ప్లాస్టిక్‌లోంచి మెరుపు తెలుస్తోంది గానీ బొమ్మ ఆనడం లేదు. వేలితో తడమాలి. ఆ మాట మొదట రాయలేకపోయాను. పాడవుతుందన్న భయమూ ఉంది.

తెనాలి_అణా:
చుక్క గారూ, మాట తూలాను. క్షమించండి.

సైఫాబాద్_చుక్క:
తమ్ముడూ, నాన్నగారి చేతులు సబ్బుతో కడిగించి బాగా ఆరనివ్వు. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి, దాని మీద ఇవ్వు, జారినా దెబ్బ తగలదు. నువ్వు అంచులే పట్టుకో.

కాసులపేరు:
విప్పాం. ముందు అంచు మీద గోరుతో గీతలు లెక్కపెట్టబోయారు, 200 ఉంటాయంటే నవ్వి ఆపేశారు. తర్వాత బొటనవేలు ఎన్టీఆర్ ముఖం మీద చాలాసేపు ఉంచారు. ‘రెండు రూపాయల కిలో బియ్యం రోజుల్లో దీంతో యాభై కిలోలు వచ్చేవిరా’ అన్నారు. బుగ్గ దగ్గర వేలిముద్ర పడింది.

సైఫాబాద్_చుక్క:
తుడవకు. మెత్తటి బట్టయినా గీతలు పడతాయి. అలాగే మూత పెట్టెయ్.