సమస్యాపూరణం: ‘సూది గుచ్చినంత సుఖము గలిగె’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్యను హైఫైలో (నాణ్యంగా పాటలు వినే సరదాలో) కొత్తగా అడుగుపెట్టిన మన కొత్త సభ్యుడి కోసమే, మన తమ్ముడి కోసమే ఇచ్చాను. తాతగారి రికార్డులు వినాలని సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్ కొన్నాడు. తెచ్చి ఆంప్లిఫయర్ ఆక్స్‌కి (మామూలు ఇన్‌పుట్‌కి) కలిపితే పాట వినీ వినపడనట్టు వచ్చింది, బాసు అసలే లేదు. ఖరీదైన కేబుల్ మార్చమని ఎవరో సలహా ఇచ్చారట. రూపాయి కూడా ఖర్చుపెట్టే ముందు కింది పద్యాలు చదువు తమ్ముడూ.

ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. ఇంజెక్షన్ మీద కూడా మంచి పూరణలే వచ్చాయి కానీ ఈసారి రికార్డు సూదితోనే సరిపెడదాం.

విజయవాడ మిత్రుడు:
నల్ల పళ్లెరమున నాట్యమాడెడు ముల్లు
గాడిలోన దాగు గానమెల్ల
తట్టి లేపి చెవుల తనివార నింపగా
సూది గుచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు:
ధార బాగుంది. గణాలు, యతులు సరిపోయాయి. అయితే ‘ముల్లు’ అన్నాక మళ్ళీ ‘సూది’ వస్తే ఒకే వస్తువును రెండుసార్లు చెప్పినట్టయింది. ‘నాట్యమాడుచు వచ్చి’ అని మార్చండి, సూదే కర్త అవుతుంది. రెండో పాదం నాకు బాగా నచ్చింది. స్టీరియో రికార్డు గాడికి రెండు గోడలుంటాయి, ఒక్కోటీ 45 డిగ్రీల వాలు. ఒక గోడ మీద ఎడమ స్పీకర్ పాట, రెండో దాని మీద కుడి స్పీకర్ పాట. ఆ రెండింటినీ ఒకే వజ్రపు మొన ఏకకాలంలో చదువుతుంది.

కరీంనగర్ సభ్యుడు:
తోకబరువు కదిపి తూనికన్ సరిజూచి
చెప్పినంత బరువు చేతికొసగి
మెల్లమెల్లగాను మీట వంచితి నేను
సూది గుచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు:
‘బరువు’ రెండుసార్లు పడింది. మొదటి పాదంలో ‘తోకగుండు’ అంటే గణం చెడదు, పునరుక్తి పోతుంది. ఇక ‘చెప్పినంత’ అంటే ఎవరు చెప్పినంత? కొత్తవాళ్ళకి అది తెలియాలి అన్నా.

కరీంనగర్ సభ్యుడు:
కార్ట్రిడ్జ్ (సూది ఉండే చిన్న భాగం) తయారుచేసినవాళ్ళు చెప్పినంత. ఉదాహరణకి ఆర్టోఫాన్ 2ఎం రెడ్ అనే కార్ట్రిడ్జ్‌కి 1.8 గ్రాములు. తమ్ముడూ, ముందు యాంటీ స్కేటింగ్ (సూది పళ్లెం మధ్యకి లాగబడకుండా ఆపే అమరిక) సున్నాలో పెట్టు. వెనక కొనన ఉండే తోకగుండు తిప్పుతూ టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) గాల్లో తేలి పళ్లేనికి సమాంతరంగా నిలిచేట్టు చూడు. ఆ సమయంలో సూది దేనికీ తగలకూడదు. అలా నిలిచాక గుండును కదలనివ్వకుండా అంకెల చక్రం మాత్రం సున్నాకి తెచ్చుకో. తర్వాత గుండూ చక్రం కలిపి కావలసిన అంకె దాకా తిప్పు. యాంటీ స్కేటింగ్ కూడా మళ్ళీ అదే అంకెకి పెట్టుకో. రికార్డు అరుగుతుందని భయపడి బరువు తగ్గించేవాళ్ళున్నారు, అది ఇంకా చేటు. తేలికైన సూది గాడిలో కుదురుగా ఉండక గోడలకి కొట్టుకుంటుంది.

కొత్త సభ్యుడు:
మాస్టారూ, పద్యం రాయడం నాకిదే మొదలు. టెన్షన్‌గానే పెడుతున్నాను.

పలుచనైన గొంతు పలికె మొదటిరోజు
ఫోనొ పెట్టె నడుమ చేర్చినాక
బాసు నిండివచ్చె పాట నిలిచె నింట
సూది గుచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు:
టెన్షన్ ఎందుకయ్యా, అనుభవంలోంచి వచ్చిన పద్యం ఇది! ఒకే ఒక్క లోపం, రెండో పాదంలో యతి. మొదటి అక్షరం ‘ఫో’ కాబట్టి నాలుగో గణం తొలి అక్షరం దానికి కుదరాలి, ‘చే’ కుదరదు. ‘ఫోనొ పెట్టె నడుమ పొందుపరచ’ అను, ఫో-పొ సరిపోతాయి. ‘ఫోనో’ను గణం కోసం కుదించావు, పరాయి మాటే కాబట్టి ఫరవాలేదు.

ఆ ఫోనో పెట్టె, అంటే టర్న్‌టేబుల్‌కీ ఆంప్లిఫయర్‌కీ నడుమ పెట్టే చిన్న పరికరం, ఎందుకు అవసరమైందో కూడా తెలుసుకో. మూవింగ్ మాగ్నెట్ (సూదితోపాటు అయస్కాంతం కదిలే రకం) కార్ట్రిడ్జ్ ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయరయితే 2 వోల్టుల దాకా ఇస్తుంది. ఆక్స్‌కి తిన్నగా కలిపితే ఆ కొంచెం ఏం చాలుతుంది? పైగా రికార్డు చెక్కేటప్పుడే బాసు తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. లేకపోతే బాసుకి గాడి బాగా ఊగి పక్కగాడి మీదికి పోతుంది, పళ్లెంలో ఎక్కువసేపు పాట పట్టదు. 1954లో వచ్చిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) ప్రమాణం ప్రకారం ఫోనో పెట్టె దాన్ని తిరగేస్తుంది: 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 19 డెసిబెల్స్ పెంచుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. నీకు మొదట్లో లేనిది ఇదే. ఎంత కేబుల్ పెట్టినా ఈ పని చేయదు.

తెనాలి అమ్మగారు:
లక్క పళ్లెమందు లయతోడ నిదురించు
పాత నటుని గొంతు పద్యమెత్త
తాత నవ్వు మరల తలపులో మెదలగా
సూది గుచ్చినంత సుఖము గలిగె

నిర్వాహకుడు:
అమ్మా, ఈ వారానికి ఇదే మేటి పూరణ. ‘పద్యమెత్త’ దగ్గర నాటకం మొత్తం కళ్ళకు కట్టింది. ఒక్క సందేహం, లయతో నిద్రించడం ఎలా? ‘లయముగాక మిగులు’ అంటే ఎలా ఉంటుంది?

తెనాలి అమ్మగారు:
మీ మాట బాగుంది నాయనా, కానీ నాది నాకు ఉండనీ. పళ్లెం తిరగకపోయినా తాళం ఆ గాడిలోనే ఉంది కదా.

నిర్వాహకుడు:
అలాగే ఉంచుదాం, ఒప్పుకున్నాను.

కొత్త సభ్యుడు:
అమ్మగారూ, తాతగారి పెట్టెలో అలాంటి బరువైన లక్క పళ్లేలు (లక్కతో చేసిన పాత రికార్డులు) కూడా ఉన్నాయి. పద్యనాటకం సెట్టు ఒకటి ఉంది, ఒక్కో పక్కా మూడు నిమిషాలే. ఇదే సూదితో పెట్టొచ్చా?

తెనాలి అమ్మగారు:
వద్దు బాబూ! అవి 78 వేగం (నిమిషానికి 78 చుట్లు) పళ్లేలు, గాడి వెడల్పు ఎక్కువ. ఎల్పీ (ఎక్కువసేపు పాడే రికార్డు) సూది మొన దాదాపు 0.7 మిల్ ఉంటే వీటికి 3 మిల్ సూది కావాలి. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సన్న సూది పెడితే గాడి అడుగున పాకుతూ బరబరమని రొదే వినిపిస్తుంది. నీ టర్న్‌టేబుల్‌కి 78 వేగం ఉందో లేదో కూడా చూసుకో. ఇంకో మాట, వాటిని స్పిరిట్‌తో తుడవకు. లక్క అందులో కరిగిపోతుంది, పాట పోతుంది.

నిర్వాహకుడు:
వచ్చే వారం స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్న విషయం. మళ్ళీ ఆటవెలదే, నాలుగో పాదం: ‘మూల కూరుచున్న మూగ పాడె’. తమ్ముడూ, ఈసారి మొదటి పూరణ నీదే కావాలి.